వైమార్‌లో గ్రోపియస్ గది

జర్మనీ దేశమున వైమార్ పట్టణమందు, హెన్రీ వాన్ డె వెల్డె నిర్మించిన విద్యాలయ భవనమున, బౌహౌస్ అధిపతియైన వాల్టర్ గ్రోపియస్ కూర్చుండి పనిచేసిన గదిని చూడవలెనని నాకు చిరకాలముగా కోరిక. ఏలయన, 1923లో హెర్బర్ట్ బేయర్ రచించిన ఆ గది ఐసోమెట్రిక్ చిత్రమును నేను ఎన్నోమారులు చూచియుంటిని. ఇప్పుడున్నది 1999లో పునర్నిర్మించిన గది. మార్గదర్శియైన విద్యార్థిని తలుపు తెరవగానే పసుపుపచ్చని కుర్చీయు, పైనుండి వ్రేలాడు గొట్టపు దీపములును కనబడినవి. పొడవు, వెడల్పు, ఎత్తు సమముగా 5 మీటర్లుగల ఘనమే దీనికి ఆధారమని ఆమె చెప్పినది. దీపమును మోయు సన్నని లోహపు గొట్టములు సైతము ఆ మూడు దిక్కులనే అనుసరించి సాగుట నన్ను ముగ్ధుని గావించినది.

గుమ్మమున నిలిచి చూచినచో ఎదుటి గోడ చిన్నదై, నేల అంచులు దగ్గరగుచున్నట్లు తోచును; కంటి స్వభావమట్టిది. బేయర్ చిత్రమున నట్టి పక్షపాతము లేదు. దూరపు అంచును దగ్గరి అంచును ఒకే కొలతతో నిలిచియుండును. కావుననే వడ్రంగి దానినుండి కొలతలు గ్రహింపగలడు.

ఆ సాయంకాలము బసలో నేనును గీయ నారంభించితిని. 1:50 మానమున 5 మీటర్లు 10 సెంటీమీటర్లగును. నిలువుగీత నిలువుగనే యుండగా, తక్కిన రెండు దిక్కుల గీతలను సెట్‌స్క్వేరుతో అడ్డగీతకు 30 డిగ్రీల వాలున గీసితిని. నేలయు రెండు గోడలును మూడు సమాన రాంబస్సులై, కలిసి షడ్భుజిగా నేర్పడినవి. అయితే ఈ విద్యలోని మర్మమంతయు కర్ణములయందున్నది. నేల కర్ణము నిజమునకు 14.1 సెంటీమీటర్లు కావలసియుండగా, కాగితముపై నొకటి 17.3, రెండవది 10 అగును. కనుక అక్షముల వెంటనే కొలువవలెను. వాలుగీతకు మొదట దాని కొనలను అక్షముల వెంట గుర్తించి, పిదప కలుపవలెను.

యంత్ర నమూనాలను సహాయకులు కూర్చుటకై కేంబ్రిడ్జి ఆచార్యుడు విలియం ఫారిష్ 1822లో ప్రకటించిన పద్ధతియే ఇట్లు గృహనిర్మాణకళకు చేరినది.

మన పాలిటెక్నిక్కులలో ఇంజనీరింగ్ డ్రాయింగ్ బోధించు ఉపాధ్యాయులకు నా మనవి యొకటి: పుస్తకమందలి దిమ్మెలతో తృప్తిపడక, విద్యార్థులచే తాము కూర్చున్న తరగతిగదినే టేపుతో కొలిపించి గీయింపుడు.