శ్రీరస్తు అంటుంది... పట్టా ఇవ్వదు!

మన పెళ్లి శుభలేఖల మీద మొట్టమొదట కనిపించే మాట 'శ్రీరస్తు'. సముద్రం అవతల ఓ ఊరికి ఆ మాటే నినాదం! 'శ్రీరస్తు స్వస్తి ప్రజాభ్యః'... సిరి కలగాలి, ప్రజలు చల్లగా ఉండాలి అని అర్థం. ఆ ఊరు ఇండోనేషియాలోని మధ్య జావాలో ఉంది. పేరు సలాటిగా.

ఆ మాటలు ఊరికే పెట్టుకున్నవి కావు. ఊరి శివారు ప్లుంపుంగన్‌లో ఓ పెద్ద రాతి మీద క్రీ.శ.750 నాటి శాసనం ఉంది. హంప్ర అనే గ్రామానికి పన్నులు మినహాయిస్తున్నట్టు చెప్పే ఆ శాసనంలోవే ఈ మాటలు. దాని తేదీ ప్రకారమే ఏటా జులై 24న సలాటిగా పుట్టినరోజు చేసుకుంటుంది. అంటే ఈ ఊరి చరిత్ర మొదలైందే భూమి గొడవతో! పన్నెండు వందల ఏళ్లు దాటాక ఇక్కడ స్థిరపడాలని వచ్చేవాళ్లకీ మొదట ఎదురయ్యేది ఆ గొడవే.

సెమరాంగ్ విమానాశ్రయంలో దిగి దక్షిణంగా దాదాపు 50 కిలోమీటర్లు వెళ్తే సలాటిగా. ఊళ్లో రైల్వేస్టేషన్ లేదు. 2017లో టోల్ రోడ్డు ఇక్కడిదాకా వచ్చాక ప్రయాణం తేలికైంది. టోల్ గేటు దగ్గరికి రాగానే మబ్బు లేని రోజైతే మెర్బాబు పర్వతం నిండుగా దర్శనమిస్తుంది. మూడు వేల మీటర్లకు పైగా ఎత్తున్న ఆ కొండ పాదాల దగ్గర ఉండబట్టే ఊరికి ఆ చల్లదనం. డచ్చివాళ్లు ఇక్కడ బంగళాలు కట్టుకున్నారు, సైనికుల్ని ఉంచారు. ఫ్రెంచి కవి ఆర్థర్ రాంబో 1876లో డచ్చి సైన్యంలో చేరి ఈ ఊరికే వచ్చాడు. కొన్ని వారాలకే చెప్పాపెట్టకుండా పారిపోయాడు!

ఇప్పుడు వచ్చేవాళ్లు మాత్రం పారిపోవడానికి ఇష్టపడరు. పల్లీలూ పంచదారా కలిపి దంచి, కాగితంలో ముక్కోణంగా చుట్టిన 'ఎంటింగ్-ఎంటింగ్ గెపుక్' ఒక్కటి నోట్లో వేసుకుంటే పల్లీ పట్టి గుర్తొస్తుంది. బాగా ముగ్గిన సోయా టెంపేతో చేసే 'సంబల్ తుంపాంగ్' ఘాటు మరో రకం. సాయంత్రం చలి మొదలవగానే 'రోండె' దుకాణాలకు జనం చేరతారు. వేడి అల్లం కషాయంలో పల్లీలు కూరిన బియ్యప్పిండి ఉండలు తేలుతుంటాయి. దగ్గర్లోనే రావా పెనింగ్ సరస్సు, అంబరావాలో పాత ఆవిరి ఇంజన్ల మ్యూజియం... వారం ఇట్టే గడిచిపోతుంది.

ఊరికి మరో ఆధారం చదువు. 1956లో పెట్టిన సత్యవచన క్రైస్తవ విశ్వవిద్యాలయానికి దేశంలోని నలుమూలల దీవుల నుంచీ పిల్లలు వస్తారు. వాళ్లకు గదులు అద్దెకిచ్చే ఇళ్లను 'కోస్' అంటారు. సొంత స్థలం ఉన్నవాళ్లు నాలుగు గదులేసి అద్దెకిస్తే నెలనెలా రాబడి. అది చూసే బయటివాళ్లకు ఆశ పుడుతుంది... మనమూ ఓ కోస్ కడితే!

అక్కడే ఉంది చిక్కు. 1960 నాటి భూచట్టం ప్రకారం 'హక్ మిలిక్', అంటే పూర్తి యాజమాన్యం, ఇండోనేషియా పౌరులకే. (హక్ అంటే మన హక్కే. రెండు భాషలకీ అరబ్బీ నుంచి వచ్చింది.) విదేశీయుడికి దక్కేది 'హక్ పకాయ్'... వాడుకునే హక్కు మాత్రమే. 2021 నిబంధనల ప్రకారం మొదట 30 ఏళ్లు, పొడిగిస్తే 20, మళ్లీ కొత్తగా ఇస్తే ఇంకో 30. అదీ ఏ ఇల్లు పడితే ఆ ఇంటికి కాదు. ప్రాంతాన్ని బట్టి ప్రభుత్వం నిర్ణయించిన కనీస ధరకు పైన ఉన్న ఇల్లే కొనాలి. చిన్న ఊళ్లో చవగ్గా దొరికే పెంకుటిల్లు ఆ లెక్కలోకి రావడం కష్టం. కంపెనీ పెట్టి కడదామంటే వెయ్యి కోట్ల రుపియాలకు పైబడిన పెట్టుబడి చూపించాలి.

అందుకే కొందరు అడ్డదారి తొక్కుతారు. స్నేహితుడి పేరుతోనో, నమ్మిన మనిషి పేరుతోనో కొంటారు. దీన్ని అక్కడ 'పింజామ్ నామ' అంటారు. పేరు అరువు తెచ్చుకోవడమన్నమాట! ఇలా దొంగచాటుగా విదేశీయుడికి భూమి దక్కేలా చేసే బేరం చెల్లదని చట్టం తెగేసి చెబుతోంది. భూమి ప్రభుత్వపరమవుతుంది. చెల్లించిన సొమ్ము తిరిగి అడగడానికి వీల్లేదు. జీవితాంతం కూడబెట్టిన పింఛను డబ్బు ఒక్క సంతకంతో నీళ్లపాలు!

స్థానికుల్ని పెళ్లాడినవాళ్లకూ జాగ్రత్త తప్పదు. భార్యాభర్తల ఆస్తులు వేరువేరని ఒప్పందం రాసుకోకపోతే ఇండోనేషియా పౌరురాలైన భార్య స్థలానికీ చిక్కులొస్తాయి. ఆ ఒప్పందం పెళ్లికి ముందే ఉండాలన్న నియమాన్ని 2016లో రాజ్యాంగ న్యాయస్థానం సడలించింది. పెళ్లయ్యాకా రాసుకోవచ్చంది.

ఇంత కఠినం ఎందుకంటే... దెబ్బ తిన్న దేశం కాబట్టి. 1870లో డచ్చివాళ్లు తెచ్చిన చట్టం తోటల యజమానులకు 75 ఏళ్ల చొప్పున భూములు కౌలుకిచ్చింది. స్వతంత్రం వచ్చాక 1960లో దాన్ని రద్దు చేసే ఈ చట్టం తెచ్చుకున్నారు.

కాబట్టి తెలివైనవాళ్లు చేసే పని ఒకటే. ముందుగా ఏడాది అద్దె ఒకేసారి కట్టి ఓ ఇల్లు తీసుకుంటారు. ఎండాకాలం, వానాకాలం రెండూ చూస్తారు. ఇరుగుపొరుగుతో నాలుగు జావా మాటలు నేర్చుకుంటారు. అప్పటికీ కొనాలనిపిస్తే భూమి కార్యాలయంలో సర్టిఫికెట్ సరిచూసుకుని, తమకు దక్కే హక్కు ఏదో ఆ హక్కునే తమ పేరుతో రాయించుకుంటారు.

సొంత మేడ మీంచి చూసినా, అద్దింటి కిటికీలోంచి చూసినా మెర్బాబు ఒక్కలాగే కనిపిస్తుంది. అరువు పేరుతో కొన్న ఇంట్లోంచి చూస్తేనే నిద్ర పట్టదు!