దవాఖానకు దుబాసీ కావాలి

ఉట్నూరు, నార్నూరు, జైనూరు, తిర్యాణి వైపు నుంచి ఆదిలాబాద్ రిమ్స్‌కు వచ్చే రోగుల్లో ఇంట్లో గోండీ, కొలామీ, లంబాడీ, మరాఠీ మాట్లాడేవాళ్లు చాలామంది. కరీంనగర్ వైపు వస్తే ఉర్దూ మాట్లాడే కుటుంబాలున్నాయి, పెద్దపల్లి ఇటుక బట్టీలకు ఏటా పశ్చిమ ఒడిశా నుంచి దిగే కూలీలున్నారు. డాక్టరు రాసే చీటీ ఇంగ్లిషులో, చెప్పే మాట తెలుగులో ఉంటాయి. మధ్యలో ఎవరో ఒకరు దొరుకుతారు: ఆశ్రమ పాఠశాలలో చదివే మనవడో, పక్క మంచం రోగి వెంట వచ్చిన మనిషో, వార్డు ఊడ్చే ఆమెనో. ఇలా దొరికినవాళ్లతో వైద్యం నెట్టుకురావడం ఇక ఆపాలి. మాట అందించే మనిషిని శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి, దవాఖాన సిబ్బందిలో ఒకరిగా పెట్టుకోవాలి.

మనవడు నానమ్మను తీసుకొచ్చాడనుకోండి. ఆమెకు ముట్లుడిగి ఏళ్లయింది, ఇప్పుడు మళ్లీ రక్తం కనబడుతోంది. డాక్టరుకు అది గర్భాశయ క్యాన్సరేమోనని వెంటనే అనుమానించాల్సిన లక్షణం. పిల్లవాడితో ఆ మాట ఆమె చెప్పదు, వాడు అడగడు. ‘కడుపు నొప్పంట సార్’ అన్న ఒక్క మాట బల్ల ఇవతలికి వస్తుంది. గ్యాస్ గోలీలతో ఆమె ఊరికి వెళ్లిపోతుంది. ఈ తప్పులో పిల్లవాడి దోషం లేదు, ఆమె దోషం అసలే లేదు. ఇంటివాళ్లయితే రోగికి ధైర్యంగా ఉంటుందని కొందరంటారు. నిజమే, పక్కన కూర్చోనివ్వండి, దుబాసీ పని మాత్రం వాళ్ల మీద వేయకండి. అమెరికాలో గ్లెన్ ఫ్లోరెస్ బృందం పిల్లల వైద్యుల దగ్గర దుబాసీల ద్వారా సాగిన 13 సంభాషణలను రికార్డు చేసి 2003లో ఫలితాలు ప్రచురించింది. ఒక్కో సంభాషణలో సగటున 31 పొరపాట్లు దొర్లాయి, వాటిలో 63 శాతం వైద్యాన్ని దెబ్బతీయగలవే. ఆసుపత్రి దుబాసీల పొరపాట్లలో అలాంటివి 53 శాతమైతే, అప్పటికప్పుడు దొరికినవాళ్లు చేసినవాటిలో 77 శాతం. అక్కడి భాష స్పానిష్, ఇక్కడ గోండీ. పొరపాటు జరిగే తీరు మాత్రం ఒకటే.

‘ఇప్పుడు అందరికీ తెలుగు వచ్చు కదా’ అనేది తరచూ వినే అభ్యంతరం. అంగట్లో బేరమాడేంత తెలుగు చాలామందికి వచ్చు. కానీ సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు గురించి మాట్లాడాలంటే ఆ తెలుగు సరిపోదు. 2023 జులై 1న మొదలైన జాతీయ కార్యక్రమం 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. 40 ఏళ్లలోపు వాళ్లకు పరీక్ష చేసి కార్డులిస్తున్నారు. కార్డు ఇవ్వడం తేలిక, దాన్ని వివరించడమే కష్టం. భార్యాభర్తలిద్దరికీ ఈ జబ్బు జన్యు లక్షణం (ట్రెయిట్) ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదని దాని అర్థం కాదు. లక్షణం మోస్తున్నవాళ్లు రోగులు కారు. ఇది చదువుకున్నవాళ్లకే రెండుసార్లు చెప్పాల్సిన విషయం. పైగా గోండుల్లో ఒకే సగకు (వంశ సమూహానికి) చెందినవాళ్లు పెళ్లాడరు, మేనరికం మాత్రం ఉంది. ఆ కట్టుబాటు తెలియని కౌన్సెలర్ ‘దగ్గరి సంబంధాలు వద్దు’ అని ఊరుకుంటే, సగ చూసుకునే పెళ్లి చేస్తున్నాం కదా అనుకుని ఇంటికి వెళ్తారు. కొన్నిచోట్ల కార్డు చూసి పిల్లకు సంబంధమే రాకుండా పోయే ప్రమాదమూ ఉంది. ఊరి పటేల్‌తో, రాయి సెంటర్ (ఆదివాసీ పంచాయితీ) పెద్దలతో వాళ్ల భాషలో మాట్లాడగలిగినవాళ్లే ఈ రెండు ప్రమాదాలనూ తప్పించగలరు.

సంస్కృతి పేరుతో హానిని కూడా ఒప్పుకోవాలా అని తోటి డాక్టర్లు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కడుపు ఉబ్బిన పసిబిడ్డకు వాతలు పెడితే అది తప్పని చెప్పాల్సిందే. అయితే తల్లిని నలుగురిలో తిట్టి పంపితే, రెండోసారి బిడ్డకు జబ్బు చేసినప్పుడు ఆమె మన గడప తొక్కదు. హాని లేని ఆచారాల సంగతి వేరు, వాటి చుట్టూ వైద్యాన్ని అమర్చుకోవచ్చు. కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశీయులు గోదావరి జలం కోసం రోజుల తరబడి కాలినడకన వెళ్లివస్తారు. సికిల్ సెల్ ఉన్న మనిషికి అలసట, నీళ్లు తక్కువ తాగడం రెండూ ప్రమాదమే. వెళ్లొద్దంటే వినరు. దారిలో ఎక్కడ ఆగాలో, ఎంత నీళ్లు తాగాలో, ఏ నొప్పికి వెనక్కి తిరగాలో చెబితే వింటారు. రక్తహీనతకు యాపిల్, దానిమ్మ తినమనడం కూడా ఆ వెళ్లొద్దనడం లాంటి గాలిమాటే. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు తయారుచేస్తున్న ఇప్పపువ్వు లడ్డూ గురించి మాట్లాడితే ఆ సలహా వంటింటి దాకా చేరుతుంది.

ఇక ఖర్చు. భాష కోసం ఖర్చు పెట్టడం ఇక్కడ కొత్తేమీ కాదు. జోడేఘాట్‌లో 1940లో గోండు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాక నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను ఇక్కడికి పంపింది. ఆయన 1943లో మార్లవాయిలో గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం పెట్టించారు, గోండీలో వాచకాలు రాయించారు. మన కాలంలో పెద్దపల్లి బట్టీల దగ్గర కూలీల పిల్లలకు ఒడియాలో చదువు చెప్పే బడులు నడిచాయి. బడికి అవసరమని ఒప్పుకున్న భాష దవాఖానకు ఎందుకు అక్కర్లేదు? గోండీ, కొలామీ వచ్చి ఇంటరో డిగ్రీయో చదివిన అమ్మాయిలు ఏజెన్సీలో ఉన్నారు. ఆశా కార్యకర్తలు ఈ పని ఇప్పటికే పైసా లేకుండా చేస్తున్నారు. పెద్ద ఆసుపత్రికి భాషకు ముగ్గురు, షిఫ్టుకొకరు చాలు. చట్టం వైపు నుంచి చూసినా ఇది తప్పదు. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే తేల్చింది: చేయబోయేదేమిటో, దాని మంచిచెడ్డలేమిటో రోగికి తగినంత తెలిశాక ఇచ్చిందే సమ్మతి. అర్థంకాని తెలుగు కాగితం మీద వేయించుకున్న వేలిముద్ర ఆ కొలతకు నిలవదు. కాబట్టి ఈ ఉద్యోగాలు మొదట కాన్పుల గదిలో ఇవ్వాలి, తర్వాత సికిల్ సెల్ కౌన్సెలింగ్ దగ్గర, ఆ పైన ఓపీలో. ఓపీలో పగటిపూట ఎవరో ఒకరు దొరుకుతారు, అర్ధరాత్రి సిజేరియన్‌కు సమ్మతి అడిగేటప్పుడు దొరకరు.