నరకమని పేరున్న ఊరిలో నిలిచిన అడవి

దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, ఆగ్నేయ మూలన ‘మద్రే దె దియోస్’ అనే ప్రాంతం ఉన్నది. స్పానిష్ భాషలో ఆ మాటకు ‘దేవుని తల్లి’ అని అర్థం. అదే ప్రాంతంలో తంబొపాటా నది ఒడ్డున ‘ఇన్ఫియెర్నో’ అనే పల్లె ఉన్నది. ఆ మాటకు అర్థం ‘నరకం’. ప్రియ చదువరులారా, పేర్లను బట్టి ఊళ్ళను తీర్పు తీర్చకూడదని మాకు అక్కడ తెలిసింది.

ఈ ప్రాంతానికి ముఖ్యపట్టణం ప్యూర్టో మాల్డొనాడో. 1902లో స్థాపించబడిన ఈ పట్టణం తంబొపాటా, మద్రే దె దియోస్ నదులు కలిసే చోట ఉన్నది. ఆండీస్ కొండల మీది కుస్కో నగరం నుండి విమానంలో గంటలోపే దిగవచ్చు. కొండల చలి వదిలి, తలుపు తెరవగానే మన కోనసీమ వేసవివంటి ఉక్క ముఖానికి తగులుతుంది. వీధుల నిండా మోటారు సైకిళ్ళు, మన ఆటోలకు చుట్టాలవంటి మూడు చక్రాల బండ్లు. 2011లో నది మీద పెద్ద వంతెన తెరవబడిన తరువాత బ్రెజిల్ వరకు రోడ్డు కలిసింది. అమెజాన్ అడవిలోకి ప్రవేశించేవారికి ఇది గుమ్మం వంటిది.

అయితే ఈ గుమ్మం గుండా రెండు రకాల మనుష్యులు వస్తారు. అడవిని చూడవచ్చేవారు కొందరు, అడవి క్రింది బంగారం కోసం వచ్చేవారు కొందరు. వీరికంటే ముందు, పందొమ్మిదో శతాబ్దం చివర రబ్బరు వర్తకులు వచ్చారు. వారు తెచ్చిన రోగాలవల్ల, బలవంతపు చాకిరివల్ల, హత్యలవల్ల ఇక్కడి ఆదివాసులు ఎందరో నశించారు. అడవి సంపద బయటికి పోయింది; అడవి బిడ్డలకు మిగిలింది దుఃఖమే.

పట్టణం నుండి మట్టి రోడ్డు మీద ఇన్ఫియెర్నో రేవుకు చేరి, అక్కడ పొడవైన మోటారు పడవ ఎక్కాము. దారిలో ఆకులో చుట్టిన అన్నం పెట్టారు. దాదాపు ముప్పావు గంట ఎదురీదిన తరువాత ‘పోసాదా అమెజోనాస్’ అనే అడవి బస వచ్చింది. తాటాకు ఇంటిని తలపించే కప్పు, వెదురు జాతి గడలతో గోడలు, మంచానికి దోమతెర. గదికి మూడు వైపులే గోడలున్నాయి. నాలుగో వైపు అడవే! రాత్రి కప్పల అరుపు, కీచురాళ్ళ మోత, తెల్లవారుజామున ఎర్రకోతుల గర్జన. మొదటి రాత్రి నిద్ర పట్టదు గాని, రెండో రాత్రికి ఆ శబ్దమే జోల అవుతుంది.

ఉదయాన ముప్పై మీటర్లకు పైగా ఎత్తున్న గోపురం ఎక్కితే, చెట్ల తలలు సముద్రంలా కనబడతాయి. నది ఒడ్డున మట్టిగోడ మీదికి రామచిలుకలు గుంపులుగా వచ్చి మట్టి తింటాయి. అడవి ఆహారంలో కరువైన ఉప్పు కోసమే తింటాయని శాస్త్రజ్ఞులు ఎక్కువగా భావిస్తున్నారు. దగ్గరలోని మడుగులో మనిషంత పొడవుండే నీటికుక్కలు కుటుంబంగా చేపలు పడతాయి.

అన్నిటికంటె నన్ను ఆలోచింపజేసినది బ్రెజిల్ నట్ చెట్టు. యాభై మీటర్ల ఎత్తుకు పెరిగి, వందల ఏండ్లు బ్రతుకుతుంది. దాని పూలను పెద్ద తేనెటీగలే తెరవగలవు. కొబ్బరికాయవంటి దాని గట్టి కాయను కొరికి తెరచేది అగూటి అనే కుందేలంత జంతువు. అది కొన్ని గింజలు తిని, కొన్ని పాతిపెట్టి మరచిపోతుంది, అవే మొలుస్తాయి. ఆ తేనెటీగలకు చుట్టూ అడవి కావాలి. అందుచేత తోటలుగా వేస్తే ఈ చెట్టు సరిగా కాయదు. మన ఏజెన్సీలో గిరిజనులు ఇప్పపువ్వు, చింతపండు ఏరుకొన్నట్లే, వర్షాకాలంలో అక్కడివారు రాలిన కాయలు ఏరి అమ్ముకొంటారు. అడవి నిలిచి ఉన్నంతకాలమే ఆ పంట.

ఇప్పుడు రెండో సంగతి. నది ఇసుకలో బంగారం పిండివలె సన్నగా ఉంటుంది. చెట్లు కొట్టి, నేలను పంపులతో కోసి, ఇసుకలో పాదరసం కలుపుతారు. పాదరసం బంగారాన్ని పట్టుకొని ముద్ద కడుతుంది. ఆ ముద్దను కాల్చితే పాదరసం ఆవిరై బంగారం మిగులుతుంది. ఆ పాదరసమే నీటిలోకి, చేపలలోకి, చేప తిన్న తల్లి నుండి కడుపులోని బిడ్డకు చేరుతుంది. 2016లో ప్రభుత్వం ఈ ప్రాంతంలో ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించవలసి వచ్చింది. 1985 నుండి 2017 వరకు దాదాపు లక్ష హెక్టార్ల అడవి ఈ త్రవ్వకాలకు పోయింది. 2019లో ‘లా పంపా’ అనే చోట నుండి పోలీసులు, సైనికులు వేలమందిని వెళ్ళగొట్టారు. అయినా త్రవ్వకం ఇతర చోట్లకు ప్రాకింది. త్రవ్వేవారిలో ఎక్కువమంది దుర్మార్గులు కారు. కొండల నుండి పొట్ట చేతపట్టుకొని వచ్చిన పేదలు. పేదవానికి వేరే దారి చూపకుండా అడవిని కాపాడమంటే వాడు వినగలడా?

ఇన్ఫియెర్నో వారికి ఒక దారి దొరికింది. అక్కడ ఎసె ఎహా అనే ఆదివాసులు, నదీతీర రైతులు, కొండల నుండి వచ్చిన కుటుంబాలు కలిసి జీవిస్తున్నారు. 1970లలో ఆ భూమికి ఉమ్మడి హక్కు వచ్చింది. 1996లో వారు ‘రెయిన్‌ఫారెస్ట్ ఎక్స్‌పెడిషన్స్’ అనే కంపెనీతో ఇరవై ఏండ్లకు ఒప్పందం చేసికొన్నారు. లాభంలో నూటికి 60 పాళ్ళు ఊరికి, 40 పాళ్ళు కంపెనీకి. నిర్ణయాలలో ఇద్దరికీ సమాన మాట. 1998లో బస తెరిచారు. పడవ నడిపేవారిగా, వంటవారిగా, దారి చూపేవారిగా ఊరివారు పని నేర్చుకొన్నారు. లాభంలో కొంత కుటుంబాలు పంచుకొన్నాయి, కొంత ఊరి ఉమ్మడి అవసరాలకు వెళ్ళింది. తమ భూమిలో కొంత భాగంలో వేట మానుకొన్నారు. చంపితే ఒక్క పూట కూర అయ్యే జంతువు, బ్రతికి ఉంటే ఏండ్ల తరబడి అతిథులను రప్పిస్తుందని లెక్క తెలిసింది.

ఇది స్వర్గమని చెప్పబోవడం లేదు. లాభం పంచితే ఒక్కొక్క ఇంటికి వచ్చేది ఇల్లు గడవడానికి చాలదు. సేద్యం, చేపలు, గింజలు ఉండవలసిందే. 2020లో కరోనావల్ల పెరూ సరిహద్దులు మూసినప్పుడు అతిథులు ఆగిపోయారు. ఒక్క బస మీదనే ఊరు ఆధారపడితే ఏమగునో ఆ సంవత్సరం తెలిసింది. అంతేగాక, దూరదేశం నుండి విమానంలో వచ్చేవారి ప్రయాణం కూడా గాలిని చెరుపుతుంది.

వెళ్ళగలిగినవారికి రెండు మాటలు. మే నుండి అక్టోబరు వరకు వానలు తక్కువ. అయితే ఆ నెలల్లోనే దక్షిణపు చలిగాలి వీచి, అడవిలో కూడా కంబళి కావలసి వస్తుంది. పసుపు జ్వరపు టీకా ముందే వేయించుకోవాలి. అన్నిటికంటె ముందు, బస చేయబోయే చోట ఒక ప్రశ్న అడగాలి: “ఈ సొమ్ములో ఈ ఊరివారికి ఎంత?”

వెళ్ళలేనివారికీ ఆ ప్రశ్న పనికివస్తుంది. మన మారేడుమిల్లి అడవులలోనూ గిరిజనులు పాలుపంచుకొనే బసలు ఉన్నాయి. పిల్లలను తీసికొని అక్కడికి వెళ్ళినప్పుడు అదే అడగండి. చెట్టు నీడలో ఎవరు పుట్టారో వారి కంచంలో ఆ చెట్టు అన్నం పెడితే, దానిని కాపాడడానికి కావలివాడు అక్కరలేదు. ‘నరకం’ అని పేరున్న ఆ పల్లెలో నేను చూచినది ఇదే.