‘ఎవరు’ అనే గడి

పెళ్లి కుదిరిన ఇంట్లో మొదట మొదలయ్యేది డబ్బుల లెక్క. బంగారానికెంత, బట్టలకెంత, భోజనాలకి ఆకుకెంత అని కాగితం మీద రాసి, కింద గీత గీసి కూడతాం. ఆ పనులన్నీ చేసే మనుషుల లెక్క మాత్రం ఏ పెళ్లింట్లోనూ ఎవరూ రాయగా చూడలేదు నేను. మొన్న వైశాఖంలో మా ఇంట్లోనే చూశాను. అందుకే మీకు చెబుదామని.

తణుకులో మా బావగారి రెండో అమ్మాయి పెళ్లి. నేను నెల ముందే వెళ్లిపోయాను. నా వెనకే మా అబ్బాయి, ‘ఇంటి నుంచే ఉద్యోగం’ అంటూ లాప్‌టాప్ పట్టుకుని దిగాడు. వాడి ఉద్యోగమే ప్రాజెక్టులకి షెడ్యూళ్లు వేయడం. మా పనుల చిట్టా చూసి ఊరుకోలేక దాన్ని ఎక్సెల్‌లోకి ఎక్కించాడు. మొత్తం 62 పనులు తేలాయి. ఒక్కోదానికి ఎప్పుడు మొదలు, ఎన్ని గంటలు పడుతుంది, ఏది అయ్యాక ఏది, చివర్లో ‘ఎవరు’ అని ఒక గడి.

ఆ చివరి గడి దగ్గరే కథంతా ఉంది. 41 చోట్ల ‘పెద్దమ్మ’ అని ఉంది. అంటే మా తోడికోడలు, నేను అక్కయ్యా అని పిలుస్తాను. బావగారి పేరు 5 చోట్ల ఉంది, అయిదింటికీ పని ‘మాట్లాడటం’. వంటవాళ్లతో, మండపం వాళ్లతో, పురోహితుడితో, మేళంతో, ఫోటోల అబ్బాయితో. పెళ్లికి ముందు మూడు రోజులూ అక్కయ్య వాటాకి రోజుకి 19 గంటల పని తేలింది. “ఆఫీసులో ఒక మనిషికి ఇంత పని వేస్తే ఆ షెడ్యూలు నాకే తిప్పి కొడతారు పిన్నీ” అన్నాడు వాడు, పక్కనున్న మా చెల్లెలితో.

ఇది మా ఒక్కరింటి సంగతి కాదని మీకూ తెలుసు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దాని మీద రోజుకి సగటున 299 నిమిషాలు పెడితే, ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. మామూలు రోజుల లెక్కే అది! పెళ్లి రోజులైతే చెప్పాలా?

అక్కయ్య పెద్దమ్మాయి పెళ్లి నాలుగేళ్ల కిందట ఇదే ఇంట్లో జరిగింది. ఆ ఆల్బమ్‌లో కన్యాదానం ఫోటోలు అయిదు ఉంటే, మూడింట్లో అక్కయ్య కళ్లు మూతలు పడి ఉన్నాయి. మూడు రాత్రుల నిద్ర లేదు, ఆపైన ఉపవాసం. “దాని పెళ్లి నేను చూడలేదే. వంటింట్లోంచి సన్నాయి విన్నానంతే, పీటల మీద కూర్చున్నదే గుర్తు లేదు” అంది ఒకసారి నాతో. ఆ మాట నాలో అలాగే ఉండిపోయింది.

మా అబ్బాయి చెప్పిందేమిటంటే, ఒక మనిషి మీద పడ్డ బరువుని సర్దడానికి రెండు దారులట. ముగింపు తేదీ వెనక్కి జరిపి పనిని పలచన చేయడం ఒకటి. తేదీ కదలకుండా, మధ్యలో వెసులుబాటున్న పనుల్ని అటూ ఇటూ జరపడం రెండోది. రాత్రి 11:40 ముహూర్తం ఎవరి కోసమూ కదలదు కాబట్టి మాకున్నది రెండో దారే.

ముందు, కదలని పనులేవో చూశాం. చీర కొంటే గానీ జాకెట్టు కుట్టరు, జాకెట్టు వస్తే గానీ మగ్గం పని, కుచ్చులు సరిచూసుకోలేం. ఆ వరసలో టైలరు ఒక్క రోజు ఆలస్యం చేస్తే మిగతావన్నీ ఆలస్యం. దాన్ని అందరికన్నా ముందుకి లాగాం. అరిసెలు పది రోజుల ముందు చేసినా నిలవుంటాయి, సున్నుండలూ అంతే. సారె తీపి పదార్థాల్లో చివర్లో చేయాల్సినవి లడ్డూలే. బియ్యం రోజంతా నానబెట్టి, తడిపిండి మర పట్టించగానే పాకం పట్టాలి కాబట్టి, అరిసెల రోజున పొయ్యికి ఇంకో పని లేకుండా చూశాం. అవును, పొయ్యి కూడా లెక్కలోకి వస్తుంది. ఒక్క కారు, రెండు స్నానాల గదులు, 30 మంది చుట్టాలు... వీటికీ వేళలు రాసుకున్నాం. తెల్లవారుజామున నాలుగింటికి ఎవరు లేవాలో గోడ మీద అంటించాం. నవ్వారు గానీ, ఆ పొద్దున గొడవ రాలేదు.

చుట్టాలొచ్చాక సాయానికి బోలెడు చేతులుంటాయి కదా అనుకుంటాం. 1975లో ఫ్రెడ్ బ్రూక్స్ అనే ఆయన కంప్యూటర్ ప్రాజెక్టుల గురించి రాస్తూ, ఆలస్యమైన పనికి కొత్తగా మనుషుల్ని కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుందన్నాడట. పెళ్లిల్లు చూసే అన్నాడేమో! “వదినా, పంచదార ఎక్కడ?”, “అత్తా, పసుపు గిన్నె ఏది?” అని తొమ్మిది మంది అడిగితే, జవాబు చెప్పడమే అక్కయ్యకి పదో పని. అందుకే డబ్బాలన్నిటికీ చీటీలు అంటించి, సామాన్ల గది తాళాలు నేను తీసుకుంటానన్నాను.

అక్కడ వచ్చింది చిక్కు. అక్కయ్య మొహం చిన్నబోయింది. “నా కూతురి పెళ్లికి నేను చుట్టాన్నా?” అంది.

నిజమే కదా! ఆ పనుల్లో అలసట ఎంతుందో, పెత్తనమూ అంతే ఉంది. ‘ఆవిడ చేతి మీదుగా జరిగింది’ అనిపించుకోవడం ఆమెకి దక్కే ఒకే ఒక్క గౌరవం. ఎవరి బరువు దించుతున్నామో వాళ్లని అడక్కుండా ఎక్సెల్ గడులు మారిస్తే ఎలా? కాగితం ఆవిడకే ఇచ్చి, “నీకు కావలసినవి నువ్వే ఉంచుకో అక్కయ్యా, మిగతావి కొట్టెయ్” అన్నాను. అరగంట చూసి 14 ఉంచుకుంది. అరిసెల పాకం, పసుపు కొట్టడం, పెళ్లికూతుర్ని చేయడం, గౌరీపూజ, కన్యాదానం... ఇలా. తాళాలు తనే తీసి నా చేతిలో పెట్టింది.

శుభలేఖల పంపకం, నిడదవోలు స్టేషన్ నుంచి చుట్టాల్ని తేవడం, టైలరు చుట్టూ తిరగడం బావగారి గడిలోకి వెళ్లాయి. ఆయన పాపం కష్టపడ్డారు. ఒకసారి ఎవరివో జాకెట్లు తెచ్చేసి, మళ్లీ వెళ్లి మార్చుకొచ్చారు. “ఇన్ని పనులుంటాయా!” అన్నారు ఆ రాత్రి. అక్కయ్య ఏమీ అనలేదు, మజ్జిగ ఇచ్చింది.

అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పను. తాంబూలం సంచులు 20 తక్కువ పడ్డాయి, మేళం వాళ్లకి టిఫిన్ ఆలస్యమైంది. కానీ ముందు రోజు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ‘పెద్దమ్మ – నిద్ర’ అని మా వాడు రాసిన గడిని ఎవరూ కదపలేదు. తలుపు బయట మా అత్తగారు కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు.

మీ ఇంట్లో ఏ శుభకార్యం వచ్చినా, డబ్బుల కాగితం పక్కన ఇంకో కాగితం పెట్టండి. పనులు రాసి, ఎదురుగా పేరు రాయండి. ఏ పేరు ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టి, ఆ మనిషినే కూర్చోబెట్టి అడగండి, ‘ఇందులో నీకేవి కావాలి?’ అని. ఆ పేరు మీదే అయితే, మిమ్మల్ని మీరే అడగండి.

పోయిన వారం కొత్త ఆల్బమ్ వచ్చింది. అక్కయ్య ఫోను చేసి, “కన్యాదానం ఫోటోలు చూశావా? అన్నిట్లోనూ ఏడుస్తూనే ఉన్నాను” అంది. గొంతులో ఎంత సంతోషమో!