తుదివరకు నిలిచినవారు

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున 2011 అక్టోబరు 27వ తేదీ రాత్రి బేస్‌బాల్ ప్రపంచ సిరీస్ ఆరవ పోటీ జరిగెను. టెక్సాస్ రేంజర్స్ అప్పటికే మూడు పోటీలు గెలిచియుండిరి; నాల్గవది గెలిచినచో సిరీస్ వారిదే.

తొమ్మిదవ ఇన్నింగ్సున స్థానిక జట్టగు కార్డినల్స్ రెండు పరుగులు వెనుకబడియుండెను. ఇంకొక్క స్ట్రైక్ పడినచో ఆట ముగియును. అభిమానులు ఊపిరి బిగబట్టిరి. ఆ ప్రాంతముననే పెరిగిన డేవిడ్ ఫ్రీస్ బంతిని కుడివైపు గోడకు తగులునట్లు కొట్టగా స్కోరు సమమయ్యెను. పదవ ఇన్నింగ్సున రేంజర్స్ మరల రెండు పరుగులు చేసిరి. మరల ఓటమి ఒక్క స్ట్రైక్ దూరమున నిలిచెను. బర్క్‌మన్ దానిని తప్పించెను. పదునొకండవ ఇన్నింగ్సున ఫ్రీస్ హోమ్ రన్ కొట్టి జట్టును 10-9గా గెలిపించెను. మరునాటి పోటీయు నెగ్గి కార్డినల్స్ విజేతలైరి.

ఆశ విడిచి ముందే ఇంటిదారి పట్టువానికి ఇట్టి ఆనందము దక్కునా? తుదివరకు కూర్చుండువాడే నిజమైన అభిమాని.