ఎడారిలో చుక్కకూర

కోనసీమలో పుట్టినవాణ్ణి పట్టుకుని "మీది ఎడారి కదండీ" అంటే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. ఒక పక్క వశిష్ఠ, ఇంకో పక్క వైనతేయ. మధ్యలో మా తాటిపాక. ఇంటి వెనక కాలవ, కాలవ గట్టున మొగలి పొద. వేసవిలో కాలవలు కట్టేస్తే అదే మాకు పెద్ద కరువు. అయినా బడిలో అరేబియా పాఠం రాగానే మాస్టారి చూపు నా మీదికే వచ్చేది. "మీవాళ్ల దేశంరా, నువ్వే చెప్పు" అనేవారు. ఆయన మనసులో ద్వేషం లేదు. చిక్కంతా అక్కడే. ద్వేషించేవాడితో పోట్లాడొచ్చు. ప్రేమగా బయటికి నెట్టేవాడితో ఏం చేస్తాం?

ఇంట్లో మేం ఉర్దూ మాట్లాడతాం. మా ఉర్దూలో దేవుడికీ, దుఃఖానికీ అరబ్బీ, ఫార్సీ మాటలున్నాయి. కూరలకి మాత్రం తెలుగు మాటలే. బచ్చలికూర బచ్చలికూరే. చుక్కకూర చుక్కకూరే. అమ్మీ మార్కెట్లో బేరమాడే భాష అది.

నిజం చెప్పాలంటే మా ప్రాంతానికి ఎడారిని పరిచయం చేసింది మతం కాదు, వీసా. రాజోలు, మలికిపురం, మామిడికుదురు చుట్టుపక్కల కువైట్ కో, మస్కట్ కో మనిషిని పంపని వీధి దొరకడం కష్టం. మాలపల్లె నుంచి వెళ్లారు, శెట్టిబలిజలు వెళ్లారు, కాపులు వెళ్లారు, మేమూ వెళ్లాం. ఇళ్లల్లో పనికి ఇరవై నంబరు వీసా. ఆ డబ్బుతో మేడ కట్టినవాళ్లని ఎవరూ "మీది ఎడారి" అనలేదు. ఆ మాట మాకే మిగిలింది.

నేను ఎడారి చూసింది 2019 మార్చిలో. ఖాలా కొడుకు అక్కడ ఒక ఇంట్లో డ్రైవరు. ఎడారి నాది కాదని నిరూపించుకోవడానికి వెళ్లలేదు. నిరూపించుకోమనేవాళ్లకి ఏ ఎడారీ చాలదు. తమ్ముణ్ణి చూడ్డానికి వెళ్లాను. "భాయ్, మంచి టైములో వచ్చావ్. పూలు చూపిస్తాను పద" అన్నాడు. కువైట్ లో పూలేమిట్రా అన్నాను.

అంతకుముందు 2018 నవంబరులో అక్కడ కుండపోత వానలు. రోడ్లు మునిగాయి, కొట్టుకుపోయాయి. ఏడాది సగటు వాన 120 మిల్లీమీటర్లు దాటని దేశం అది. మన కోనసీమలో వెయ్యి దాటుతుంది. అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మొదటిదాకా పడే వానని అక్కడ వస్మ్ అంటారు. వస్మ్ బాగా పడితేనే ఎడారి పూస్తుంది. విత్తనాలు ఇసుకలో ఏళ్ల తరబడి పడుకుని ఉంటాయట. చిన్న జల్లుకి మోసపోవు. మొలకని ఆపే పదార్థమేదో వాటి పైపొరలో ఉంటుంది. అది కడుక్కుపోయేటంత వాన కావాలి. అప్పుడు కూడా అన్నీ లేవవు. కొన్ని ఇంకో ఏడాదికి ఆగుతాయి. ఎంత ముందుచూపో!

శుక్రవారం జహ్రా దాటి సాల్మీ రోడ్డున పోయాం. ఇసుక మీద పచ్చగా పల్చటి నూగు. దాని మీద పసుపు చల్లినట్టు నువైర్ పూలు. అక్కడక్కడ లేత వంగపండు రంగులో ఖుజామా. ఈ ఖుజామాకి శాస్త్రంలో పేరు హార్వుడియా డిక్సోనియే. 1929లో బ్రిటిషు అధికారి భార్యగా వచ్చి, 1990 దాకా అక్కడే బతికిన వయొలెట్ డిక్సన్ పేరు మీద పెట్టారు. 1955లో ఆమె కువైట్, బహ్రెయిన్ అడవిపూల మీద పుస్తకం వేసింది. ఆమె రాకముందు ఎన్ని తరాల బదూ ఆడవాళ్లు ఆ పువ్వుని పిలిచారో, వాళ్ల పేర్లు ఎవరికి కావాలి?

ఈ కాలాన్ని వాళ్లు రబీ అంటారు. అంటే వసంతం. మన వ్యవసాయ శాఖ కాగితాల్లో ఉన్న రబీ ఇదే మాట. గోదావరి రైతులు సార్వా, దాళ్వా అంటారు గానీ, ప్రభుత్వం వాళ్లతో కూడా అరబ్బీలోనే మాట్లాడుతోంది. దాన్ని వెనక్కి పంపమని ఎవరూ ఊరేగింపు తియ్యలేదు.

తమ్ముడు వంగి ఒక ఆకు తుంచాడు. "ఇదేంటో చెప్పు భాయ్." నోట్లో పెట్టుకున్నాను. చుక్కకూర! పక్కనే అదే మొక్క ముదిరి, గులాబీరంగు కాగితపు బుడగల్లాంటి కాయలు వేసింది. దూరానికి పూలతోటలా ఉంది. మన దగ్గర ముదరకముందే కోసేస్తాం కాబట్టి నేనెప్పుడూ చూడలేదు. అరబ్బులు హుమ్మైద్ అంటారు, పుల్లన అన్న మాటలోంచి. శాస్త్రం లెక్కలో రెండూ ఒకటే, రూమెక్స్ వెసికేరియస్. ఎవరు ఎక్కడినుంచి ఎక్కడికి తెచ్చారని దాన్ని అడిగినవాడు లేడు.

చుట్టూ గుడారాలు. నవంబరు మధ్య నుంచి మార్చి మధ్యదాకా కువైటీలు ఎడారిలో విడిది చేస్తారు. పిల్లలు నాలుగు చక్రాల బళ్లతో ఆ పూల మీదే గిరగిరా తిరుగుతున్నారు. ఒక గుడారం వెనక గిన్నెలు తోముతున్నావిడ మా మాటలు విని లేచింది.

"ఏ ఊరండీ?"

"తాటిపాకమ్మా."

"మాది మలికిపురం దగ్గరండీ." మెళ్లో సిలువ గొలుసు. పూలు బాగున్నాయి కదా అన్నాను. "చూస్తానికి తీరికేదండీ? ఇసకలో గిన్నెలు తోమితే ఎన్నిసార్లు కడిగినా ఇసకే."

ఇంతలో ఒక పిల్లవాడు మమ్మల్ని చూసి లోపలికి కేకేశాడు. అందులో నాకు అర్థమైంది "హిందీ" అన్న ఒక్క మాటే. ముగ్గురం హిందీలమే. నాకు నవ్వొచ్చింది. తమ్ముడికి రాలేదు. "నమాజుకి పక్కన నిలబడతారు భాయ్. అన్నానికి పక్కన కూర్చోరు" అన్నాడు. పదకొండేళ్లుగా అక్కడున్నవాడు. నేను వాదించలేదు.

ఆవిడ కవరు నిండా ఆకు కోసి ఇచ్చింది. "నేను రెండేళ్ల కిందటే కనిపెట్టానండీ. మేడమ్ పచ్చిదే నముల్తుంది. మీరు పప్పులో వేసుకోండి. మనదానికన్నా పులుపెక్కువ, కాస్త చూసి వెయ్యండి."

ఆ రాత్రి తమ్ముడి గదిలో కందిపప్పు ఉడుకుతుండగా ఖాలాకి ఫోన్ చేశాం. తెల్లవారి నాలుగింటికి వాడు ఎవరినో ఎయిర్ పోర్టులో దింపాలి, తొందర మీదున్నాడు. ఎడారిలో చుక్కకూరంటే ఖాలా నమ్మలేదు. వీడియోలో దగ్గరగా పెట్టి చూపించమంది. చూసి, "కాడలు పారెయ్యకండి, పులుపంతా కాడల్లోనే ఉంటుంది" అంది.