నావ ఎక్కే ముందు

మా కడప జిల్లాలో నదులకు కొరత లేదు, నీటికే కొరత. పెన్నానది జమ్మలమడుగును ఒరుసుకొని ప్రొద్దుటూరు పక్కగా సాగిపోతుంది. పులివెందులకు సమీపంలో పాపఘ్ని కొండలను చీల్చుకొని బయటపడుతుంది. అయినా సంవత్సరంలో అధికభాగం ఆ నదుల ఒడిలో మాకు కనిపించేది ఇసుకే. నేను ప్రొద్దుటూరులో చాలా కాలంగా తెలుగు బోధిస్తున్నాను. ప్రాచీన కావ్యాలలోని నదీవర్ణనలు చెబుతున్నప్పుడు ‘నావ’ అనే మాట వినగానే తరగతిలో ఎవరో ఒకరు లేచి, “సార్, మీరు ఎప్పుడైనా ఎక్కినారా?” అని అడుగుతారు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నేను ఆలస్యంగా చెబుతున్న సమాధానం.

నీరు కొండను కోసుకొని తనకు తాను చేసుకొన్న దారిని మనం ‘గండి’ అంటాము. జమ్మలమడుగు దగ్గర ఎర్రమల కొండలను పెన్న చీల్చిన చోట వెలసిన దుర్గం గండికోట. పాపఘ్ని కొండలు దాటే చోట, వేంపల్లె సమీపంలో ఉన్న క్షేత్రం గండి ఆంజనేయస్వామిది. గోదావరి తూర్పు కనుమల నడుమ నుంచి వెలువడే దారిలో ఒడ్డున ఉన్న గ్రామదేవత పేరు గండి పోచమ్మ. గండికోట అంచున నిలబడి లోయలోని సన్నని నీటిపాయను చూసే మా పిల్లలకు, నిండుగా నీరు పారే గండి ఎలా ఉంటుందో చూపించాలన్నది నా చిరకాల వాంఛ. అందుకు తగిన చోటు పాపికొండలు. తగిన కాలం కార్తికం మొదలుకొని మాఘం దాకా. అప్పటికి వరదలు తగ్గి గోదావరి తేటపడుతుంది. చలిగాలికి కొండల మీద మంచు తెరలు కడుతుంది.

మొదటిసారి నేను విద్యార్థులను అక్కడికి తీసుకొని వెళ్ళింది 2011 జనవరిలో. కడపలో రైలెక్కి తెల్లవారేసరికి రాజమహేంద్రవరం చేరుకొన్నాము. లాంచీని ఎంచుకొనే బాధ్యత నాదే. నేను విచారించిన విషయాలు ఇవి: భోజనంలో ఏమేమి పెడతారు? పాటలు వినిపిస్తారా? పై అంతస్తు ఉన్నదా? రాత్రి రైలు అందేలా తిరిగి తీసుకొని వస్తారా? అన్నింటికీ అవునన్న లాంచీనే కుదుర్చుకొన్నాను. అందులో ఎందరు ప్రయాణించవచ్చునో అడగలేదు. రక్షక కవచాలు, అంటే లైఫ్ జాకెట్లు, కప్పు కింద మూటగట్టి వేలాడుతుంటే చూశాను, విప్పించలేదు. కొండ దగ్గరపడగానే పిల్లలందరూ పై అంతస్తులో ఒకే పక్కకు పరుగెత్తారు. లాంచీ కొంచెం ఒరిగింది. సరంగు కేక వేశాడు. మేము నవ్వుకొన్నాము. సాయంకాలానికి క్షేమంగా ఒడ్డుకు చేరాము. ‘ఎంత చక్కని లాంచీని ఎంచుకొన్నాను!’ అని నన్ను నేనే మెచ్చుకొన్నాను.

2019 సెప్టెంబరు 15వ తేదీ ఆదివారం. గోదావరి వరదతో ఉన్న వేళ, పాపికొండలకు వెళుతున్న పర్యాటకుల లాంచీ కచ్చులూరు వద్ద మునిగిపోయింది. అందులో ఉన్నవారు 70 మందికి పైగా. వారిలో సగానికి మించి ప్రాణాలు కోల్పోయారు. ఆ రాత్రి నా పూర్వవిద్యార్థి ఒకడు ఫోను చేసి, “సార్, మనం పోయిన దారే కదా?” అన్నాడు. అవునన్నాను. ఆపైన ఇద్దరికీ మాట పెగలలేదు. ఎనిమిదేళ్ళ కిందట మేము క్షేమంగా తిరిగి రావడానికి నా ఎంపిక కారణం కాదని ఆ రాత్రి నాకు తెలిసింది. నది ఆనాడు శాంతంగా ఉంది, అంతే.

ఆ తరువాత నేను కొత్తగా చదువుకోవడం ప్రారంభించాను. గండి అందానికి, గండి ప్రమాదానికి కారణం ఒక్కటే. ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా కట్టిన ఆనకట్ట పొడవు సుమారు మూడున్నర కిలోమీటర్లు. అదే నది పాపికొండల నడుమ కొన్ని వందల మీటర్లకు కుదించుకొని పోతుంది. అంత నీరూ ఇంత సందులో పోవాలంటే లోతైనా పెరగాలి, వేగమైనా పెరగాలి. వరదకాలంలో రెండూ పెరుగుతాయి. రాళ్ళకు కొట్టుకొన్న ప్రవాహం సుడులు తిరుగుతుంది. పైగా ఆ నీరు అక్కడ కురిసిన వానది కాదు. ఇంద్రావతి, శబరి వంటి ఉపనదులు ఎక్కడో ఎగువన కురిసిన వానను మోసుకొని వస్తాయి. అందువలన పాపికొండల మీద ఎండ కాస్తున్నా, నదిలో వరద రావచ్చు. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ప్రయాణికుడు మొదట చూడవలసింది ఆకాశాన్ని కాదు, ఎగువన ఉన్న నీటిమట్టాన్ని.

నేను చదివినవాటిలో మన శాసనమూ ఒకటి ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం అది. తుపానులో పగిలి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరకును అంతకు ముందటి రాజులు స్వాధీనం చేసుకొనేవారు. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని రద్దు చేసి, నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని సముద్రవర్తకులకు మాట ఇచ్చాడు. నావ ఎక్కేవాడికి అభయం కావాలి, అది రేవులోనే దొరకాలి అన్న ఎరుక మనకు ఎనిమిది శతాబ్దాల నాటిది.

ప్రపంచం ఈ పాఠాన్ని చాలా ఖరీదుకు నేర్చుకొంది. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగిన రాత్రి అందులో సుమారు 2,200 మంది ఉన్నారు. రక్షణ పడవలలో చోటున్నది 1,178 మందికే. విచిత్రమేమిటంటే, ఆనాటి చట్టం కోరినదాని కంటే అందులో పడవలు ఎక్కువగానే ఉన్నాయి! చట్టం నౌక పరిమాణాన్ని లెక్కించింది, మనుషులను లెక్కించలేదు. ఆ దుర్ఘటన ఫలితంగానే 1914లో సముద్రంపై ప్రాణరక్షణ కోసం మొదటి అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 

సియాటిల్‌లో ఉద్యోగం చేస్తున్న మా పులివెందుల విద్యార్థి ఒకడు తన తల్లిదండ్రులను అలాస్కా హిమానీనదాల యాత్రకు తీసుకొని వెళ్ళాడు. అక్కడి గ్లేసియర్ బే అనే అఖాతంలోకి రోజుకు రెండు పెద్ద విహారనౌకలను మాత్రమే అనుమతిస్తారట. ఏ నౌక ఎక్కాలి, ఏ దారిన వెళ్ళాలి అని అతడు నెలరోజులు ఆలోచించాడు. మొదటినాడు అందరికీ ప్రమాద సమయంలో ఎక్కడ చేరాలో చూపించిన తరువాతనే నౌక కదిలిందని చెప్పాడు. ఇటలీ తీరంలో 2012 జనవరిలో కోస్టా కాంకార్డియా అనే నౌక ఒరిగిపోయి 32 మంది మరణించిన తరువాత ఆ నియమాన్ని కఠినతరం చేశారు. “మా అమ్మ జాకెట్టు తొడుక్కొని, ‘ఇది విప్పమన్నప్పుడే విప్పుతా నాయనా’ అనె సార్” అని అతడు నవ్వాడు. నాకు మాత్రం కప్పు కింద వేలాడిన మూట గుర్తుకు వచ్చింది.

పాపికొండల ప్రయాణాలు కొంతకాలం ఆగిపోయి, రేవులలో నియంత్రణ కేంద్రాలు ఏర్పడిన తరువాత తిరిగి మొదలయ్యాయి. 2024 జనవరిలో మళ్ళీ పిల్లలు అడిగారు. ఈసారి మూడు దారులను పరిశీలించాను. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి నల్లమల నడుమ సాగే లాంచీ ప్రయాణం మాకు దగ్గర. కాని జలాశయంలో తగినంత నీరు ఉంటేనే అది సాధ్యం, ఆ ఏడు నీరు తక్కువ. భద్రాచలం వైపు పోచవరం రేవు నుంచి వెళితే నీటి మీద గడిపే సమయం తగ్గుతుంది. కాని మాకు రోడ్డు ప్రయాణం పెరుగుతుంది. రాజమహేంద్రవరం వైపు నుంచి, పోలవరం నిర్మాణం తరువాత, బస్సులో గండి పోచమ్మ గుడి దాకా వెళ్ళి అక్కడ లాంచీ ఎక్కాలి. ఈ మూడవ దారినే నిశ్చయించాను. మేము 36 మంది విద్యార్థులము, ముగ్గురు అధ్యాపకులము. 50 మందికి అనుమతి ఉన్న ఒంటి అంతస్తు లాంచీని మాట్లాడుకొన్నాను. భోజనం సంగతి చివర అడిగాను.

బయలుదేరవలసిన ముందురోజు రాత్రి, లాంచీ కుదిర్చిన వ్యక్తి ఫోను చేశాడు. మా లాంచీ మరమ్మతుకు వెళ్ళిందనీ, మరొక బృందంతో కలిపి రెండంతస్తుల లాంచీలో పంపుతాననీ చెప్పాడు. రెండు బృందాలనూ కూడితే అనుమతించిన సంఖ్య మించుతుంది కదా అన్నాను. “దానికేముంది మాస్టారూ, కొందరిని పై రేవులో ఎక్కిస్తామండి” అన్నాడు. తనిఖీ జరిగే రేవు దాటిన తరువాత అన్నమాట! నేను ఒప్పుకోలేదు. మరునాటికి వేరే లాంచీ దొరకలేదు. ప్రయాణం ఒకరోజు వాయిదా పడింది.

ఆ రాత్రి నేను విద్యార్థుల దృష్టిలో దోషినయ్యాను. అదనంగా ఒక రాత్రి బసకు డబ్బు పెట్టవలసి వచ్చింది. అంతకంటే బాధాకరమైనది మరొకటి. జమ్మలమడుగు అమ్మాయి ఒకతె, అక్క పెళ్ళికి తప్పక ఇల్లు చేరవలసి ఉంది. నేత నేసే తండ్రి పంపిన డబ్బుతో వచ్చిన పిల్ల. ఇంతదూరం వచ్చి, పాపికొండలు చూడకుండానే ఒక అధ్యాపకురాలి తోడుతో రైలెక్కింది. కిటికీ దగ్గర కూర్చొని నా వైపు చూడలేదు.

మరునాడు పిల్లలను ధవళేశ్వరానికి తీసుకొని వెళ్ళాను. కాటన్ దొర పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట గురించి చెప్పాను. ఎవరూ వినలేదు. సాయంకాలం ఒక విద్యార్థి వచ్చి, “సార్, ఆ లాంచీ బాగనే తిరిగొచ్చిందంట” అన్నాడు. అందులో ఒక ఆరోపణ ఉంది. నిజమే, అది క్షేమంగానే వచ్చింది. నేను ఊహించిన ప్రమాదమేదీ జరగలేదు. నేను వాడితో ఇట్లా అన్నాను: “2011లో నేనూ బాగనే తిరిగొచ్చినాను నాయనా. తిరిగి రావడం వేరు, సరిగ్గా ఎంచుకోవడం వేరు.” వాడు తల ఊపాడు గాని, ఆ మాట వాడికి నచ్చలేదని నాకు తెలుసు.

ఆ మరునాటి ఉదయం గండి పోచమ్మ రేవులో మంచు దట్టంగా పట్టింది. ఎదుటి ఒడ్డు కనిపించేదాకా లాంచీ తీయనన్నాడు సరంగు. ఈసారి ఎవరూ గొణగలేదు. అందరూ జాకెట్లు తొడుక్కొన్నారు. పులివెందుల పిల్లవాడొకడు, “నాకెందుకు సార్? మా బాయిలో పైనుంచి దూకి ఈదుతా” అన్నాడు. సరంగు విని, “బావి నీరు నిలబడి ఉంటుంది బాబూ. గోదారి నీరు నడుస్తుంది. ముందు తొడుక్కో” అన్నాడు. నేను ఎన్ని తరగతులు చెప్పినా ఇంతకంటే స్పష్టంగా చెప్పలేను. రామాయణంలో గంగ దాటే వేళ రామచంద్రుడంతటివాడు గుహుని నావ ఎక్కాడు. నీటి మీద పెద్దరికం నీరు తెలిసినవాడిదే.

మంచు విడిచిన తరువాత కొండలు ఒక్కొక్కటే ముందుకు వచ్చాయి. నది ఎటు పోతుందో తెలియదు. ఎదుట కొండ అడ్డుగా నిలిచినట్లే ఉంటుంది. దగ్గరకు వెళ్ళేసరికి అది పక్కకు తొలగి దారి ఇస్తుంది. “సార్, ఇది నీళ్ళున్న గండికోట!” అని ఎవరో అరిచారు. ఎవరి చోటులో వారు కూర్చొనే చూశారు. పేరంటాలపల్లి మెట్లెక్కి, కొండ నుంచి జారే చల్లని నీటిలో చేతులు కడుక్కొన్నారు. నాకు మాత్రం ఖాళీగా ఉన్న ఒక చోటు పదేపదే కనబడుతూనే ఉంది.

వారం తరువాత ఆ అమ్మాయి తండ్రి కళాశాలకు వచ్చాడు. నిష్ఠూరమాడతాడని అనుకొన్నాను. కట్టిన డబ్బులో కొంతైనా తిరిగి ఇద్దామని జేబు తడుముకొన్నాను. ఆయన డబ్బు మాట ఎత్తలేదు. పెళ్ళి లడ్లు నా బల్ల మీద పెట్టాడు.

“పాప యేడ్చింది సార్, అబద్ధం చెప్పను. అయినా ఆ కొండలు యాడికి పోతాయి? ఇంగొగసారి చూస్తాది” అన్నాడు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు గోదావరి మీద, మరికొందరు మంచు సముద్రాల మీద ప్రయాణిస్తారు. రేవులో నిలబడినప్పుడు మొదట నదిని గురించి అడగండి. తరువాత నావను గురించి, దానిని నడిపేవాడిని గురించి అడగండి. అందాన్ని గురించి చివర అడగండి. సమాధానం సరిగా లేకపోతే వెనుకకు తిరగండి. అట్లా తిరిగి వచ్చినందుకు ఎవరైనా మిమ్మల్ని పిరికివారంటే, ఆ తండ్రి మాట వారికి చెప్పండి.